‘మీ అండ్ బాబీ మెక్‌గీ’: ఇందరు పాడారు, మీ మనసులో నిలిచింది ఎవరి గొంతు?

పాత రికార్డులు:
‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ రాసిన అమెరికా గాయకుడు, రచయిత క్రిస్ క్రిస్టాఫర్సన్ 2024 సెప్టెంబరు 28న కన్నుమూశాక నేను చదివిన నివాళి కథనాల్లో దాదాపు అన్నిటా ఈ పాట ఉంది, దాని పక్కనే గాయని జానిస్ జాప్లిన్ పేరుంది. రోజర్ మిల్లర్ పేరు మాత్రం వెతికితే గాని దొరకలేదు. అది నాకు కష్టంగా అనిపించింది.

బాబీ అనే తోడుతో దేశం తిరిగి, చివరికి ఆ తోడును పోగొట్టుకున్న మనిషి చెప్పుకునే ఈ పాటను మొట్టమొదట రికార్డు చేసింది మిల్లర్. 1969లో వచ్చింది, అమెరికా కంట్రీ (అక్కడి పల్లె బాణీ) పాటల ఆదరణ పట్టికలో 12వ స్థానం దాకా వెళ్లింది. అప్పటికి క్రిస్టాఫర్సన్ కంట్రీ సంగీతానికి నెలవైన నాష్‌విల్‌లో గుమ్మం గుమ్మం ఎక్కి దిగుతున్న రచయిత. మిల్లర్ ‘కింగ్ ఆఫ్ ద రోడ్’తో 1965లోనే దేశమంతా తెలిసినవాడు. ఇల్లూ వాకిలీ లేని దేశదిమ్మరి పాట పాడి పేరు తెచ్చుకున్న మనిషి, మరో దారి బతుకు పాటను గుర్తుపట్టి తన గొంతు ఇచ్చాడు. ఆయన పాడుతుంటే పక్కన కూర్చుని జరిగింది చెబుతున్నట్టు ఉంటుంది. ఎక్కడా గొంతు పెంచడు, ఎక్కడా దుఃఖాన్ని చూపించాలని చూడడు. మనిషి దూరమైపోయిందని తెలిసే చోట కూడా అదే నెమ్మది. నాకు అదే ఎక్కువ నొప్పి పెడుతుంది.

ఆ తర్వాత కెన్నీ రోజర్స్ బృందం, చార్లీ ప్రైడ్, గోర్డన్ లైట్‌ఫుట్, క్రిస్టాఫర్సన్ తానే, జానిస్, జెర్రీ లీ లూయిస్, లొరెటా లిన్, ఒలీవియా న్యూటన్-జాన్, గ్రేట్‌ఫుల్ డెడ్ బృందం ఇలా వరుస కట్టారు. మూడేళ్లు తిరగకుండా ఇంతమంది! మీరు విన్నవాటిలో మీ మాట ఏమిటి?

సితార:
మిల్లర్ అంటే నాకూ గౌరవమే. కానీ జానిస్ రికార్డు ముందు మిగిలినవన్నీ పాటకు పరిచయాల్లాగే ఉంటాయి నాకు.

చాలామంది ఆమె అరిచిందని అంటారు. అలా అనేవారు మొదటి నిమిషం వినలేదని నా నమ్మకం. గిటారు ఒక్కటి మోగుతుంటే ఎంత తగ్గి మొదలుపెడుతుందో చూడండి. ఆ గిటారు వాయించింది కూడా ఆమే. రైలు కోసం కాచుకుని కూర్చున్న అలసట ఆ గొంతులో ఉంది. ఒక చరణం, పల్లవి అయ్యేదాకా ఆమె ఏ కంట్రీ గాయనికీ తీసిపోకుండా పొదుపుగా పాడుతుంది. తర్వాత శ్రుతి మారుతుంది, పియానో, ఆర్గాన్ ముందుకొస్తాయి, అక్కడినుంచి ఒక్కో మెట్టు ఎక్కుతుంది. మాటలు అయిపోయాక కూడా ఆపదు. బాబీ పేరును పిలుస్తూనే ఉంటుంది. మాటలతో చెప్పవలసింది అయిపోయినా మనసులో ఉన్నది అయిపోలేదని నాకు తెలిసేది అక్కడే. మిల్లర్ దాచుకున్నదాన్ని ఈమె దాచలేకపోయింది. రెండూ నిజమైన దుఃఖాలే. నాకు ఈమెది కావాలి.

గోదారిగట్టు:
నేను ఈ సంగీతానికి కొత్త. ఇక్కడ పెద్దల మాటలు చదివి ఒక్కొక్కటే వింటున్నాను. క్రిస్టాఫర్సన్ ఈ పాటను జానిస్ కోసమే రాశారని, బాబీ అంటే వారిద్దరి మధ్య ఉన్న ముద్దుపేరని ఒక వీడియో కింద చదివాను. అది నిజమేనా? పాట ఎలా పుట్టిందో ఎవరైనా కాస్త వివరంగా చెప్పగలరా?

మలిపొద్దు:
గోదారిగట్టు గారూ, అది నిజం కాదు. పాట పుట్టేనాటికి వారిద్దరికీ పరిచయమే లేదు. 1970లో కొద్దికాలం దగ్గరగా ఉన్నారు, అప్పటికే ఈ పాట వేరేవారి గొంతుల్లో బయటికి వచ్చేసింది.

అసలు కథ ఇంకా బాగుంటుంది. మాన్యుమెంట్ రికార్డ్స్ అధిపతి ఫ్రెడ్ ఫాస్టర్ ఒకరోజు క్రిస్టాఫర్సన్‌కు ఫోను చేసి పాటకు ఒక పేరు ఇచ్చారు. ఫాస్టర్ కార్యాలయం ఉన్న భవనంలోనే పాటల రచయిత బూడ్లో బ్రయంట్ దగ్గర పనిచేసే కార్యదర్శి పేరు బాబీ మెక్కీ. ఆ పేరుతో పాట రాయమని, బాబీ అనగానే మగవాడు అనుకుంటారు గానీ ఆమె ఆడమనిషి అని తేలడమే అందులో పట్టు అని ఫాస్టర్ చెప్పారు. క్రిస్టాఫర్సన్‌కు ఫోనులో మెక్కీ అన్నది మెక్‌గీ అని వినబడింది. అదే నిలిచిపోయింది. పేరూ ఊహా ఇచ్చినందుకు ఫాస్టర్‌కు రచనలో భాగం దక్కింది.

ఎవరో చెప్పిన అంశం మీద రాయడం ఆయనకు ఇష్టం లేదట. కొన్ని నెలలు ఆ పేరును మోసుకుతిరిగారు. అప్పట్లో ఆయన పొట్ట పోసుకోవడానికి మెక్సికో సింధుశాఖలోని చమురు బావుల దగ్గరికి మనుషులను దింపే హెలికాప్టర్ నడిపేవారు, లూసియానా తీరంలో. వానలో కారు నడుపుతుంటే అద్దం మీద వైపర్లు కొట్టుకునే తాళానికి మాటలు కూర్చుకున్నాయని ఆయనే చెప్పారు. ఆ వైపర్లు పాటలోకి నేరుగా వచ్చేశాయి, విన్నవారికి గుర్తుండే ఉంటుంది.

ఇంకొకటి. నేను సినిమా మనిషిని కనుక నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. ఫెలీనీ తీసిన ‘లా స్ట్రాడా’ (1954) తన మనసులో ఉందని క్రిస్టాఫర్సన్ చెప్పారు. ఊరూరా బలప్రదర్శనలు చేసే జంపానో, తన వెంట తిరిగిన అమాయకురాలు జెల్సొమీనాను నిద్రలో ఉండగా దారి పక్కన వదిలేసి వెళ్లిపోతాడు. కొన్నేళ్లకు ఎవరో స్త్రీ, జెల్సొమీనా వాయించే వరుసను కూనిరాగం తీస్తుంటే విని అడుగుతాడు. ఆమె చనిపోయిందని తెలుస్తుంది. ఆ రాత్రి తాగి సముద్రపుటొడ్డున పడి ఏడుస్తాడు. ఇక ఏ బంధమూ లేదు, పూర్తిగా స్వేచ్ఛ. ఆ స్వేచ్ఛే అతణ్ణి కూల్చేసింది. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని స్థితినే స్వేచ్ఛ అంటారని ఈ పాట పల్లవి చెప్పే మాటకు మూలం అక్కడుంది. ఆ మాటను చొక్కాల మీద అచ్చువేసుకునే వాళ్లు దాన్ని విజయగీతంగా తీసుకుంటారు. పాటలో మాత్రం అది ఓడిపోయిన మనిషి నోట వచ్చేది.

నల్గొండ శ్రోత:
మలిపొద్దు గారు చెప్పిన చివరి సంగతి నేనూ గట్టిగా నమ్ముతాను. అందుకే జెర్రీ లీ లూయిస్ పాడింది ఈ జాబితాలో ఉండడం కొందరికి మింగుడుపడదు. 1971 చివర్లో ఆయన దీన్ని పియానో మీద దంచి పాడారు. దుఃఖం ఎక్కడా కనబడదు. అయినా నాకు ఆ రికార్డు ఇష్టం. ఎందుకంటే ఆయన లూసియానా మనిషి, ఫెరిడే అనే చిన్న ఊరివాడు. పాటలో నడిచిన దారి ఆయనకు పుట్టిన నేల. తన ఇంటి కథ తాను ఎలాగైనా చెప్పుకోవచ్చు అన్న ధీమా ఉంటుంది ఆ పియానోలో. కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరిన రికార్డుకు రెండో వైపున ఉన్న పాట ఇది. పాప్ పట్టికలో కూడా 40వ స్థానం దాకా వెళ్లింది. జానిస్ రికార్డు దేశమంతా మోగిపోయిన ఏడాదిలోనే ఇంకొకరు అదే పాటతో పట్టికలోకి రావడం చిన్న విషయం కాదు.

సితార:
ఇష్టపడండి, కాదనను. కానీ ఆ పాడడంలో బాబీ ఎవరైనా ఒకటే. ఆయనకు కావలసింది పియానో ముందు జనం. బాబీ లేని పాట అది.

నల్గొండ శ్రోత:
బాబీ లేకపోవడమే కదా అమ్మా పాట!

బ్యాటన్‌రూజ్ నుంచి:
లూసియానా పేరు వచ్చింది కనుక నేనూ మాట్లాడతాను. ఇక్కడ చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉద్యోగంలో స్థిరపడ్డాను. పాట మొదలయ్యేది మా ఊరు బ్యాటన్‌రూజ్‌లో, రైలు కోసం ఎదురుచూపుతో. చివరికి ఒక డీజిల్ లారీవాడు ఎక్కించుకుని న్యూ ఆర్లియన్స్ దాకా తీసుకెళతాడు. ఆ దూరం సుమారు 130 కిలోమీటర్లు. ఇప్పటి రహదారి కొంత దూరం చిత్తడి నేలల మీద, నీళ్లలో నాటిన స్తంభాలపైన సాగుతుంది. అటూ ఇటూ సైప్రస్ చెట్లు, కింద కదలని నీళ్లు. వాన పడితే ముందున్న బండి కూడా కనబడదు. లారీ లోపల ముగ్గురు కూర్చుని, ఒకరు మౌతార్గాన్ ఊదుతుంటే డ్రైవరుకు వచ్చిన పాటలన్నీ పాడుకున్నారంటే, ఇక్కడి వాన తెలిసినవారికి అది అతిశయోక్తిగా తోచదు. ఎక్కడా ఆగే వీలుండదు, పాడుకోవడం తప్ప ఇంకో పని ఉండదు.

ఆ తర్వాత పాట ఒక్కసారిగా కెంటకీ బొగ్గు గనుల నుంచి కాలిఫోర్నియా ఎండ దాకా దూకేస్తుంది. అటు కొస నుంచి ఇటు కొస దాకా దేశం మొత్తం ఒక్క వాక్యంలో దాటిపోతుంది. మొదటి చరణమంతా ఒక్క వాన సాయంత్రం, రెండో చరణంలో ఎన్ని నెలలో, ఎన్ని ఏళ్లో తెలియదు. ఆపై సలీనాస్ దగ్గర బాబీ చెయ్యి జారిపోతుంది. నేను సలీనాస్ కూడా చూశాను. కూరగాయల తోటల లోయ, రచయిత జాన్ స్టైన్‌బెక్ పుట్టిన ఊరు. దిమ్మరితనం మానేసి ఒక ఇల్లు కావాలనుకున్న మనిషి ఆగిపోవడానికి తగిన చోటే. రచయిత ఆ ఊరిని ఊరికే ఎంచుకోలేదనిపిస్తుంది.

తంత్రి:
క్రిస్టాఫర్సన్ సొంత రికార్డు గురించి ఎవరూ మాట్లాడలేదు. 1970లో వచ్చిన ఆయన మొదటి ఆల్బమ్‌లో ఉంది. పాట ఎత్తుకునే ముందు ఆయన గొంతు వినబడుతుంది: వినడానికి కంట్రీలా ఉంటే అది కంట్రీయే, ఇది కంట్రీ పాట అని. తర్వాత ఆ గరుకు గొంతుతో మొదలుపెడతారు. గాయకుడిగా ఆయనకు పెద్ద పరిధి లేదు. స్వరం పైకి వెళ్లవలసిన చోట దాదాపు మాటల్లో చెప్పేస్తారు. కానీ ప్రతి మాటా ఎక్కడ ఆగాలో రాసినవాడికే తెలుసు. నేను ఈ పాట నేర్చుకున్నది ఆ రికార్డు నుంచి.

జానిస్ రికార్డు మోగిపోయాక ఆ ఆల్బమ్‌ను 1971లో ‘మీ అండ్ బాబీ మెక్‌గీ’ అనే పేరుతో మళ్లీ విడుదల చేశారు. మొదటిసారి అంతంతమాత్రంగా అమ్ముడైనది, పేరు మారాక కొనుగోలుదారులను చూసింది.

పాత రికార్డులు:
తంత్రి గారూ, ఆ ముందుమాట గుర్తుచేసినందుకు సంతోషం. నా వాదన బలం అదే. రాసిన మనిషే కంట్రీ పాట అని నోరారా చెప్పాడు. రాక్ పాటల జాబితాల్లో మాత్రమే దీన్ని చూసేవారు అది వినాలి.

ఇక ఆయన జీవితం సంగతి. టెక్సాస్‌లోని బ్రౌన్స్‌విల్‌లో 1936లో పుట్టారు. రోడ్స్ విద్యార్థివేతనంతో ఆక్స్‌ఫర్డ్‌లో ఆంగ్ల సాహిత్యం చదివారు. సైన్యంలో కెప్టెన్, హెలికాప్టర్ పైలట్. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో సాహిత్యం బోధించే అవకాశం వస్తే దాన్ని వదులుకుని 1965లో నాష్‌విల్ వెళ్లి, కొలంబియా స్టూడియోలో నేల ఊడ్చే పనిలో చేరారు. ఇంట్లోవాళ్లు దూరం పెట్టారు. పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని స్థితి ఆయనకు పుస్తకాల్లో దొరికిన ఊహ కాదు. ఆయన పాటల్లో కొన్నిటికి ఇదే తీరు: తాను పాడకముందే ఇతరుల గొంతుల్లో వెలిగాయి. ‘సండే మార్నింగ్ కమింగ్ డౌన్’ను 1969లో రే స్టీవెన్స్ ముందు పాడారు, 1970లో జానీ క్యాష్ పాడగా అది కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ వారి ఆ ఏటి ఉత్తమ గీతం అయింది. అక్కడ కూడా మొదట పాడినవాడిని జనం మరిచిపోయారు.

గోదారిగట్టు:
నాకు ఒక సందేహం. మనకు సినిమా పాట అంటే ఒకరు పాడితే అది వారిదే. వేరేవారు కచేరీలో పాడవచ్చు, పోటీలో పాడవచ్చు, కానీ ‘అసలు’ పాట ఒక్కటే. ఇక్కడ మూడేళ్లలో పదిమంది ఒకే పాటను రికార్డు చేసి అమ్ముకుంటే రచయితకు గానీ మొదట పాడినవారికి గానీ కోపం రాదా? అనుమతి ఎవరు ఇస్తారు?

కాగితం పులి కాదు:
నేను హైదరాబాదులో న్యాయవాదిని, కాపీరైటు వ్యవహారాలు చూస్తాను కాబట్టి ఈ ప్రశ్నకు నేను సమాధానం చెబుతాను.

అమెరికాలో 1909 నాటి కాపీరైటు చట్టం ఒక ఏర్పాటు చేసింది. పాటను మొదటిసారి రికార్డు చేయడానికి హక్కుదారు ఒప్పుకోవాలి. ఒకసారి ఆయన అనుమతితో రికార్డు బయటికి వచ్చాక, ఇంకెవరైనా అదే పాటను తమ గొంతుతో రికార్డు చేసుకోవచ్చు, చట్టం నిర్ణయించిన రుసుము చెల్లిస్తే చాలు. ఈ పాట వచ్చిన రోజుల్లో ఆ రుసుము ప్రతి కాపీకి రెండు సెంట్లు. 1909 నుంచి 1977 దాకా అదే రేటు. మొదట పాడిన మిల్లర్‌కు మిగతావారిని ఆపే హక్కు లేదు. రచయితకూ ప్రచురణ సంస్థకూ ఎంతమంది పాడితే అంత లాభం. అందుకే నాష్‌విల్‌లో ప్రచురణ సంస్థల మనుషులు కొత్త పాటల నమూనా టేపులు పట్టుకుని గాయకుల చుట్టూ తిరిగేవారు. ఒకే పాట ఒకే ఏడు ముగ్గురు పాడడం అక్కడ మామూలు సంగతి.

మన చట్టం వేరు. 1957 కాపీరైటు చట్టానికి 2012లో చేసిన సవరణలో 31సి సెక్షన్ చేరింది. దాని ప్రకారం ఇలా నేరుగా రుసుము కట్టి కొత్త రికార్డు చేసుకోవాలంటే, మొదటి రికార్డు వెలువడిన ఏడాది తర్వాత అయిదు క్యాలెండరు సంవత్సరాలు గడవాలి. కనీసం 50,000 కాపీలకు రుసుము ముందే కట్టాలి. సాహిత్యంలో గానీ సంగీతంలో గానీ హక్కుదారు సమ్మతి లేని మార్పులు, సాంకేతికంగా తప్పనివి తప్ప, చేయకూడదు. ఈ కొలతతో చూస్తే 1969 పాటను జానిస్ 1970లో తన దారిన మలుచుకోవడం మన దగ్గర హక్కుదారు దయ మీద ఆధారపడేది. అక్కడి సంప్రదాయం ఇచ్చిన వెసులుబాటు లేకపోతే మనం ఇక్కడ చెప్పుకుంటున్న రికార్డుల్లో ఎన్ని పుట్టేవో ఆలోచించండి. మన చట్టంలో ఆ అయిదేళ్ల గడువు తగ్గించాలని నేను కోరుకుంటాను. మన లలితగీతాలకు అది చాలా మేలు చేస్తుంది.

మలిపొద్దు:
ఈ వివరణ చాలా బాగుంది. నేను ఇంకో కోణం చేరుస్తాను. ఫాస్టర్ ఇచ్చిన ఊహ ప్రకారం బాబీ ఆడమనిషి, చెప్పేవాడు మగవాడు. జానిస్ పాడితే బాబీ మగవాడయ్యాడు. లొరెటా లిన్, ఒలీవియా పాడినప్పుడూ అంతే. పేరు రెండిటికీ సరిపోతుంది కాబట్టి పాటలో ఒకటి రెండు సర్వనామాలు తప్ప ఏమీ కదలనక్కరలేదు.

కానీ అర్థం కదులుతుంది. మగవాడు పాడినప్పుడు ఇల్లు వెతుక్కునే స్త్రీని దిమ్మరి మగవాడు వదులుకున్న కథ. ఆ రోజుల్లో అలవాటైన కథే అది. స్త్రీ పాడినప్పుడు తలకిందులవుతుంది: ఇల్లు కావాలని ఆగిపోయినవాడు అతను, దారి మీద మిగిలిపోయింది ఆమె. 1971లో ఒక స్త్రీ గొంతు, లారీలు ఆపుకుంటూ దేశం తిరిగానని, ఇల్లు వద్దన్నది నేనేనని చెప్పడం వినేవాళ్లకు ఎంత కొత్తో ఊహించండి. పైగా టెక్సాస్ తీరంలోని పోర్ట్ ఆర్థర్ అనే చమురు శుద్ధి కర్మాగారాల ఊరి నుంచి, తోటి విద్యార్థుల వెక్కిరింతలు పడలేక బయటపడిన అమ్మాయి పాడుతోంది. ఆమెకు ఆ దారి తెలుసు.

హ్యూస్టన్ బాటసారి:
పోర్ట్ ఆర్థర్ మాట వచ్చింది గనుక. అక్కడ గల్ఫ్ తీర మ్యూజియం ఉంది, అందులో జానిస్‌కు ఒక విభాగం కేటాయించారు. రంగురంగుల బొమ్మలు వేయించుకున్న ఆమె పోర్షా కారుకు నమూనా కూడా అక్కడ నిలబెట్టారు. పక్కనే బోమాంట్‌లోని లామార్ విశ్వవిద్యాలయంలో మన పిల్లలు చాలామంది చదివారు, చదువుతున్నారు. అరగంట దూరంలో ఉన్న ఈ మ్యూజియం చూడకుండా డిగ్రీ పట్టుకుని వెళ్లిపోయినవాళ్లు నాకు తెలిసి ఎందరో. ఇది చదివేవారిలో అక్కడివారుంటే ఒక శనివారం వెళ్లి చూడండి.

పాత రికార్డులు:
మలిపొద్దు గారు చెప్పిన కోణం నుంచి చూస్తే చార్లీ ప్రైడ్ రికార్డు మీద కూడా కాస్త ఆగాలి. మిసిసిపీ పత్తి చేల నుంచి వచ్చిన నల్లజాతి గాయకుడు. 1970 నాటి ఆల్బమ్‌లో ఈ పాట ఉంది. 1960లలో ఆయన మొదటి రికార్డులు రేడియో వారికి ఫోటో లేకుండా పంపారు. అలాంటి మనిషి, దక్షిణాది రోడ్ల మీద లారీ ఆపి ఎక్కి హాయిగా పాడుకుంటూ వెళ్లానని పాడుతున్నాడు. నిజ జీవితంలో ఆ లారీ ఆయన కోసం ఆగేదా అన్న ప్రశ్న నన్ను వదలదు. ఆయన గొంతులో మాత్రం ఆ సందేహం నీడ కూడా పడదు. మృదువుగా, నిండుగా పాడేశారు. దీన్ని గురించి ఎవరూ రాయకపోవడం నాకు లోటుగా అనిపిస్తుంది.

లైట్‌ఫుట్‌ది కూడా వినండి. కెనడాలో 1970లో కంట్రీ పట్టికలో మొదటి స్థానం పొందింది. జానపద గాయకుడి శుభ్రమైన గొంతు, శుభ్రమైన గిటారు. అంతకుమించి నాకు చెప్పాలనిపించలేదు.

సితార:
చార్లీ ప్రైడ్‌ది ఇప్పుడే విన్నాను. మీరన్నది నిజం.

జానిస్ రికార్డు గురించి ఒక్క సంగతి చెప్పకుండా ఉండలేను. ఆమెకు ఈ పాట నేర్పింది స్నేహితుడు బాబ్ న్యూవర్త్. 1970 శరదృతువులో లాస్ ఏంజెలెస్‌లోని సన్‌సెట్ సౌండ్ స్టూడియోలో, పాల్ రోత్‌చైల్డ్ ఆధ్వర్యంలో ‘పెర్ల్’ ఆల్బమ్ రికార్డింగు జరుగుతోంది. ఫుల్ టిల్ట్ బూగీ బృందం వాయిస్తోంది. అక్టోబరు 4న ఆమె చనిపోయింది. వయసు 27. ఆల్బమ్‌లో ఒక పాటకు వాద్యాలు సిద్ధమయ్యాయి, ఆమె పాడవలసి ఉంది. దాన్ని గొంతు లేకుండానే విడుదల చేశారు. తాను రాసిన పాటను ఆమె పాడిందని క్రిస్టాఫర్సన్‌కు ఆమె పోయాకే తెలిసింది. రోత్‌చైల్డ్ పిలిచి వినిపిస్తే వినలేక గది బయటికి వెళ్లిపోయారట. 1971 మార్చిలో అమెరికా పాప్ పట్టికలో మొదటి స్థానానికి వచ్చి రెండు వారాలు నిలిచింది. గాయకుడు చనిపోయాక ఆ స్థానం అందుకున్న రికార్డుల్లో ఇది రెండోది. మొదటిది ఓటిస్ రెడ్డింగ్‌ది.

ఈ సంగతులు తెలిసి విన్నందువల్లే నచ్చిందని ఎవరైనా అంటారేమో. అవేమీ తెలియని మా అబ్బాయికి వినిపించాను. చివరిదాకా కదలకుండా విన్నాడు.

నల్గొండ శ్రోత:
త్యాగరాజ కృతిని ఒక్కో విద్వాంసుడు ఒక్కో తీరున పాడినట్టే ఇదీ అనిపిస్తుంది నాకు. పాట నిలబడాలంటే ఎక్కువమంది పాడాలి.

తంత్రి:
ఆ పోలిక కొంతవరకే నిలుస్తుంది. కృతిలో సంగతులు వేసుకోవచ్చు గానీ సాహిత్యం గాయకుడి జీవితంతో మారదు. ఈ పాటలో చెప్పేది ‘నేను’. ఎవరు పాడితే ఆ కథ వారిదైపోతుంది. మిల్లర్ దిమ్మరి, జానిస్ దిక్కు తోచనిది, జెర్రీ లీ ఊరి మొనగాడు. అందుకే నాకు వీటిలో ఒకటి గెలిచింది, ఇంకొకటి ఓడింది అనే లెక్క రుచించదు. ఏది మొదట విన్నామో అది మనలో గట్టిగా కూర్చుంటుంది, అంతే.

పాత రికార్డులు:
అయినా మిల్లర్ పేరు చెప్పండి. నేను అడిగేది అదొక్కటే.

గోదారిగట్టు:
నేను తప్పకుండా చెబుతాను. మిల్లర్‌ది, జానిస్‌ది, చార్లీ ప్రైడ్‌ది ఒకదాని వెంట ఒకటి విన్నాను. మీ అందరి మాటలు చదివి వినడం వల్ల ప్రతిదానిలో వేరే మనిషి కనబడ్డాడు.

తంత్రి గారూ, వచ్చే నెల మా స్నేహితుల కూడికలో దీన్ని పాడాలని ఉంది. గిటారు కొద్దిగా వచ్చు, మౌతార్గాన్ ఊదే స్నేహితుడు ఒకడున్నాడు. ఏ శ్రుతిలో మొదలుపెట్టమంటారు?

తంత్రి:
‘జి’లో మొదలుపెట్టండి. చరణమంతా జి, డి7 రెండిటితోనే నడుస్తుంది. చరణం చివర్లోనూ పల్లవిలోనూ సి వస్తుంది. ఈ మూడు తీగమెట్లు (కార్డ్స్) వస్తే పాట వచ్చినట్టే. మొదటి పల్లవి అయ్యాక జానిస్ రికార్డులో ‘ఎ’కు ఎక్కుతుంది, అప్పుడు ఎ, ఇ7, డి. గొంతు అంత ఎత్తుకు సులువుగా వెళ్లకపోతే ‘జి’లోనే ఉండిపోండి, పాటకు లోటేమీ రాదు. వేగం మాత్రం మొదట్లో పెంచకండి. అందరూ చేసేది అదే, రెండో చరణానికి ఊపిరి చాలదు.

మీ స్నేహితుడికి చెప్పండి: జి శ్రుతి పాటకు జి మౌతార్గాన్ కాదు, సి శ్రుతిది తెచ్చుకోవాలి. కంట్రీ పాటల్లో వినబడే ఆ సాగుడు స్వరాలు గాలి లోపలికి పీల్చేటప్పుడు దానిలోనే పలుకుతాయి. పాటను ‘ఎ’కు మార్చేటట్లయితే డి శ్రుతిది కూడా ఉండాలి. రెండూ దగ్గర పెట్టుకోమనండి.